దూరపు పరుగు – దైనందిన జీవితము

జగిత్యాల జిల్లాలో ముత్యంపేట దాపున కొండగట్టు కలదు. చైత్ర పూర్ణిమనాడును, వైశాఖ బహుళ దశమినాడును అచట జరుగు హనుమజ్జయంతి ఉత్సవములకు దీక్షాపరులైన భక్తులు వేలకొలదిగా కాలినడకన వత్తురు. కోరుట్ల నుండి బయలుదేరినవారికి దారి సుమారు 40 కిలోమీటర్లు. వీరిలో రైతులు, మగ్గముపై పనిచేయువారు, దుకాణదారులు, విద్యార్థులు ఉందురు. నడకయే వృత్తిగా గలవారు వీరిలో లేరు. మరునాడు తిరిగి తమ తమ పనులకు పోవలసినవారే.

ఇట్టివే మరికొన్ని దృశ్యములు వేకువజామున పాఠశాలల ఆటస్థలములలో కనబడును. పోలీసు ఉద్యోగములకు సిద్ధపడు యువతీయువకులు అచట పరుగెత్తుచుందురు. తెలంగాణలో 2022 నాటి ఎంపికలో పురుషులు 1600 మీటర్లను 7 నిముషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిముషముల 20 సెకండ్లలోను ముగింపవలసియుండెను. పురుషుల లెక్క గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగమునకు సమానము. పగలెల్ల కూలికో, కొలువుకో, కళాశాలకో పోవువారు ఈ వేగమును ఎప్పుడు, ఎట్లు సాధింతురు? శరీరము ఒక పనికి అలవడుటకు ఎంత కాలము కావలెను? అందులో నిత్యజీవితమునకు హాని లేకుండ ఎంత కాలము దొరకును? ఈ ప్రశ్నలకు శరీరశాస్త్రము స్పష్టమైన సమాధానములను ఇచ్చుచున్నది.

మారథాను, మూడు ఆటల పందెము

దూరపు పరుగులలో ప్రసిద్ధమైనది మారథాను. 1896 ఏప్రిల్ 10వ తేదీన ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో జరిగిన మొదటి మారథాను దూరము సుమారు 40 కిలోమీటర్లు. దానిని 2 గంటల 58 నిముషముల 50 సెకండ్లలో గెలిచిన స్పిరిడాన్ లూయిస్, మరూసి అను ఊరి నుండి ఏథెన్సునకు నీరు మోయుటలో తండ్రికి తోడ్పడుచుండిన వాడు. 1908లో లండనులో పరుగు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు అయ్యెను. 1921లో అదియే స్థిరమైన కొలతగా అంగీకరింపబడెను.

ఈత, సైకిలు, పరుగు ఈ మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా చేయు పందెమునకు ట్రయాథ్లాను అని పేరు. ఇది 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని సాన్‌డియాగోలో ఆరంభమయ్యెను. ఈతగాడు, సైకిలు తొక్కువాడు, పరుగెత్తువాడు ఈ ముగ్గురిలో ఎవడు గట్టివాడను వాదము నుండి 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవులలో ‘ఉక్కుమనిషి’ పందెము పుట్టెను. అందు 3.9 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు ప్రయాణము, ఆపై పూర్తి మారథాను కలవు. బయలుదేరినవారు 15 మంది. ముగించినవారు 12 మంది. 2000 సంవత్సరమున సిడ్నీలో ట్రయాథ్లాను ఒలింపిక్ క్రీడగా చేరినప్పుడు ఆ దూరములు 1.5, 40, 10 కిలోమీటర్లుగా ఉండెను.

తెలుగుదేశమునకు కూడ ఈ ఆసక్తి వ్యాపించినది. హైదరాబాదు మారథానులో కార్యాలయములలో పనిచేయువారు, ఉపాధ్యాయులు, గృహిణులు పెద్ద సంఖ్యలో పాల్గొందురు. 2021 మార్చిలో గోలి శ్యామల అను తెలుగు మహిళ శ్రీలంకకు, రామేశ్వరమునకు నడుమగల పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, పదునాలుగు గంటలకు కొంచెము లోపుగా ఈది దాటెను. అప్పటికి ఆమె వయస్సు నలువదియైదు దాటినది.

ఇంధనము లెక్క

పరుగెత్తువాని శరీరము ప్రతి కిలోమీటరునకు, ప్రతి కిలోగ్రాము బరువునకు ఇంచుమించు ఒక కిలోకాలరీ ఖర్చు చేయును. 60 కిలోగ్రాముల బరువుగల మనిషి మారథాను పరుగెత్తవలెనన్న 60ని 42తో గుణింపగా సుమారు 2500 కిలోకాలరీలు కావలెను.

ఈ శక్తి రెండు గాదెల నుండి వచ్చును. మొదటిది గ్లైకోజెన్. మనము తిను అన్నము, రొట్టె, గట్క మొదలగు వానిలోని పిండిపదార్థము ఈ రూపమున కండరములలో సుమారు 400 గ్రాములు, కాలేయములో సుమారు 100 గ్రాములు నిలువయుండును. గ్రామునకు 4 చొప్పున మొత్తము 2000 కిలోకాలరీలు. రెండవది కొవ్వు. ఒక కిలోగ్రాము శరీరపు కొవ్వులో 7700 కిలోకాలరీలు గలవు. అనగా మూడు మారథానులకు చాలినంత శక్తి ఒక్క కిలో కొవ్వులో ఇమిడియున్నది.

ఇంత కొవ్వు ఉండగా అలసట ఏల? కొవ్వు తడికట్టె వంటిది. మెల్లగా మండును. అదే ప్రాణవాయువు పరిమాణముతో గ్లైకోజెన్ ఎక్కువ శక్తినిచ్చును. వేగము పెరిగినకొలది శరీరము గ్లైకోజెన్ వైపు మొగ్గును. పైగా ఒక కండరములోని గ్లైకోజెన్‌ను మరియొక కండరము అప్పు తీసికొనజాలదు. దానిని రక్తములోనికి గ్లూకోజుగా విడుదల చేయు ఎంజైము కాలేయములో కలదు గాని కండరములో లేదు. చేతులలో నిలువయున్నది కాళ్ళకు అక్కరకు రాదు. కావున వేగముగా పోయినవానికి 30, 35 కిలోమీటర్ల మధ్య కాళ్ళు హఠాత్తుగా బరువెక్కును. పరుగెత్తువారు దీనిని ‘గోడ తగులుట’ అందురు. తొలినుండి మెల్లగా పోయినవానికి ఖర్చులో సగము వరకు కొవ్వు నుండి వచ్చుటచే గాదె వట్టిపోదు. కొండగట్టునకు నడచిపోవు భక్తుడు నలువది కిలోమీటర్లు నడువగలుగుటకు ముఖ్యకారణము ఇదియే.

సాధనవలన లోపల జరుగునది

విశ్రాంతిలో నున్నప్పుడు గుండె నిముషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. కఠిన శ్రమలో సాధన లేనివానికి ఇది 20 లీటర్ల వరకు, నిపుణుడైన పరుగరికి 30 లీటర్లకు పైగాను పెరుగును. సాధన చేయగా చేయగా గుండె ఒక్కొక్క స్పందనకు పంపు రక్తము ఎక్కువగును. అందుచే విశ్రాంతిలో నాడి నెమ్మదించును. నిముషమునకు 70 ఉండినది 55కు దిగుట అరుదు కాదు.

కండరములలో జరుగు మార్పు మరింత విశేషము. కణములలో ఇంధనమును ప్రాణవాయువుతో మండించు పొయ్యిల వంటివి మైటోకాండ్రియా. 1967లో అమెరికాలో జాన్ హాలోసీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను కదిలెడు పట్టాపై కొన్ని వారములపాటు పరుగెత్తించి, వాని కండరములలో ఈ పొయ్యిల సామర్థ్యము ఇంచుమించు రెట్టింపైనట్లు చూపెను. పొయ్యిలు పెరిగిన కండరము అదే వేగములో కొవ్వును ఎక్కువగా, గ్లైకోజెన్‌ను తక్కువగా వాడుకొనును.

ఈ మార్పులేవియు పరుగెత్తుచుండగా జరుగవు. పరుగు ఒక సంకేతము మాత్రమే. నిర్మాణము తరువాతి విశ్రాంతిలో, నిద్రలో, ఆహారముతో జరుగును. మేస్త్రీకి ఇటుకలు తెచ్చి ఇచ్చుట ఎంత ముఖ్యమో, గోడ ఆరుటకు వ్యవధి ఇచ్చుట అంత ముఖ్యము. గుండె, కండరములు వారములలో బలపడును. ఎముకలు, స్నాయువులు నెలలు తీసికొనును. క్రొత్తవారికి మోకాళ్ళ నొప్పులు, పిక్కయెముక నొప్పులు వచ్చుటకు ముఖ్యకారణము ఈ తేడాయే. ఊపిరి సహకరించుచున్నదని దూరమును ఒక్కసారిగా పెంచినయెడల ఎముక దెబ్బతినును.

చేయు పని సాధన కాదా?

“పగలంతయు పనిచేయువానికి వేరుగా వ్యాయామమేల?” అని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. 1953లో జెరీ మోరిస్ అను వైద్యుడు, ఆయన సహచరులు లండను బస్సు ఉద్యోగులపై జరిపిన పరిశోధనను ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులలో రోజంతయు మెట్లెక్కి దిగు కండక్టర్ల కంటె, కూర్చుండి నడపు డ్రైవర్లకు గుండెజబ్బులు ఎక్కువగా వచ్చుచున్నట్లు తేలెను. తిరిగి ఉత్తరములు పంచు తపాలావారికిని, బల్లవద్ద కూర్చుండు గుమాస్తాలకును నడుమ కూడ ఇట్టి భేదమే కనబడెను.

ఈ దృష్టితో చూచినచో సిరిసిల్లలో మరమగ్గముల నడుమ తిరుగుచు నిలిచి పనిచేయువానికిని, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో చేట ఒడిలో పెట్టుకొని గంటలకొలది బీడీలు చుట్టు స్త్రీకిని శరీరశ్రమలో ఎంత తేడాయో ఉపాధ్యాయులు విద్యార్థులచే చర్చింపజేయవచ్చును. ఇద్దరును అలసిపోవుదురు. కాని బీడీలు చుట్టువారి అలసట వ్రేళ్ళది, మెడది, నడుముది. గుండెకు అందు సాధన లేదు. పొలములో నాట్లు వేయువారికి శ్రమ పుష్కలము. అట్టివానికి ఆ దినమున పరుగు కూడ చేర్చుట మేలు కాదు. పొలములోని శ్రమను కూడ సాధన లెక్కలో వ్రాసికొనవలెను. శరీరమునకు పొలము వేరు, ఆటస్థలము వేరు అను భేదము తెలియదు. ఎంత శ్రమ, ఎంత విశ్రాంతి అనునదియే దానికి తెలియును.

కాలము ఎక్కడ దొరకును?

వారమునకు 168 గంటలు. రాత్రికి 8 గంటల చొప్పున నిద్రకు 56 పోగా 112 మిగులును. బడికి, రాకపోకలకు దినమునకు 8 గంటల చొప్పున ఆరు దినములకు 48 పోగా మిగులునవి 64. వారములో మూడు వేకువలు 40 నిముషముల చొప్పునను, ఆదివారము 90 నిముషములును పరుగెత్తినచో మొత్తము మూడున్నర గంటలు. పదికిలోమీటర్ల పరుగునకు క్రొత్తవాడు సిద్ధపడుటకు ఇది చాలును. పెద్దలు ఆరోగ్యము కొరకు వారమునకు 150 నుండి 300 నిముషముల మధ్యరకపు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. ఈ 210 నిముషములు ఆ హద్దులలోనివే. పిల్లలకు, కౌమారులకు ఆ సంస్థ సూచించినది దినమునకు సగటున 60 నిముషములు. కావున విద్యార్థులు తక్కిన దినములలో ఆటలు, నడక, సైకిలు వదలరాదు.

అయితే ఈ లెక్క అందరికి ఒకటిగా ఉండదు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిముషములును, పురుషులు 97 నిముషములును వానికి వెచ్చించుచున్నట్లు తేలినది. వేకువజామున తమ్ముడు ఆటస్థలమునకు పోవుచుండగా అక్క వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, వంటకు కూర్చుండవలసిన ఇంటిలో, ఆమెకు పై 64 గంటలు ఎన్నడును మిగులవు. 800 మీటర్ల పరీక్షలో ఆమె కొన్ని సెకండ్లు వెనుకబడినచో అది కాళ్ళలోని లోపము కాకపోవచ్చును. ఇంట ఎవరైన వారమునకు మూడు దినములు ఆ నలువది నిముషముల పని అందుకొన్నచో ఆ లోపము తీరును.

ఉద్యోగము చేయుచు పరుగెత్తినవారికి జపానుదేశపు యూకీ కవాఉచి గొప్ప ఉదాహరణము. ఆయన సైతామా రాష్ట్రమున ఒక ఉన్నత పాఠశాల కార్యాలయములో ఉద్యోగి. మధ్యాహ్నము మొదలు రాత్రి వరకు పని. అందుచే ఉదయమున ఒక్కసారి మాత్రమే సాధన చేయుచుండెను. దూరపు సాధనకు ఆదివారపు పందెములనే వాడుకొనెను. 2018 ఏప్రిల్ 16న చలిగాలి, కుండపోత వాన నడుమ బోస్టను మారథానును 2 గంటల 15 నిముషముల 58 సెకండ్లలో గెలిచెను. ఉద్యోగము మాని వృత్తి పరుగరి అగుట ఆ మరుసటి యేడు మాత్రమే.

నాట్లు, కోతలు, పసుపు తవ్వకము, పెండ్లిండ్లు, మార్చి పరీక్షలు – ఈ సమయములలో సాధన సాగదు. అప్పుడు చేసినదంతయు వృథాయగునా? 1981లో రాబర్ట్ హిక్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరిశోధించెను. వారమునకు 6 దినములు, దినమునకు 40 నిముషములు పది వారములు సాధన చేసినవారిని, తరువాత 15 వారములపాటు వారమునకు 4 లేక 2 దినములు మాత్రమే చేయించెను. వారు సంపాదించిన ప్రాణవాయు సామర్థ్యము తగ్గలేదు. కాని సాధన తీవ్రతను తగ్గించినప్పుడు ఆ సామర్థ్యము పడిపోయినట్లు ఆయన 1985లో చూపెను. దీని సారాంశము: సంపాదించుటకు ఎక్కువ కాలము కావలెను, నిలుపుకొనుటకు కొంచెము చాలును. పరీక్షల నెలలో వారమునకు రెండుసార్లు, కొద్దిసేపే అయినను చురుకుగా పరుగెత్తిన విద్యార్థి నష్టపోడు. మానివేసినవాడు మాత్రము మొదటికి వచ్చును.

తక్కిన దినములలో వేగము గూర్చి ఒక సులభమైన కొలత కలదు. ప్రక్కవానితో పూర్తి వాక్యములలో మాటలాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తవలెను. పరుగు కాలములో ఐదింట నాలుగు వంతులు ఇట్లే ఉండుట మేలు. మిగిలిన ఒక వంతు మాత్రమే కఠినముగా ఉండవచ్చును. ఈతకు మరియొక జాగ్రత్త. వ్యవసాయపు బావిలో గాని, చెరువులో గాని ఒంటరిగా దిగరాదు. వడిగా పారు కాకతీయ కాలువ వంటి కాలువలు సాధనకు తగిన చోట్లు కావు.

నిద్ర, ఆహారము, ఎండ

నిద్రను తగ్గించి సాధనకు కాలము చేర్చుట మూలధనమును తిని వడ్డీ కట్టుట వంటిది. గాఢనిద్రలోనే పెరుగుదల హార్మోను అధికముగా వెలువడును. 2014లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధనలో, 8 గంటలకంటె తక్కువ నిద్రించు కౌమార క్రీడాకారులకు గాయములగు అవకాశము 1.7 రెట్లున్నట్లు తేలెను. వేకువ 5 గంటలకు లేవవలసిన విద్యార్థి రాత్రి 9 గంటలకు పరుండవలెను.

గంటకు మించిన పరుగులో ఇంధనము అందించుచుండవలెను. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థములు ఉండును. బెల్లము, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి కొనదగినంత చవుక, ఇంటనే దొరకునవి. రక్తహీనత ఉన్నవారికి సాధన ఎంత చేసినను ఫలము తక్కువ. ప్రాణవాయువును మోయు ఎర్రకణములే కొరతపడును. తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనత కలదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. త్వరగా ఆయాసపడు బాలికను సోమరియని నిందింపక, ముందు రక్తపరీక్ష చేయింపవలెను.

ఎండ విషయము ప్రాణాంతకము. గంటకు 10 కిలోమీటర్లు పరుగెత్తు 60 కిలోల మనిషి గంటకు 600 కిలోకాలరీలు ఖర్చు చేయును. అందు సుమారు 480 వేడిగా మారును. అతని శరీరపు వేడిని ఒక డిగ్రీ పెంచుటకు 50 కిలోకాలరీలు చాలును. వేడి బయటకు పోకున్నచో ఆరు నిముషములకు ఒక డిగ్రీ చొప్పున జ్వరము ఎక్కును. రక్షించునది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో 580 కిలోకాలరీలు తీసికొనిపోవును. కాని గాలిలో తేమ ఎక్కువైనచో చెమట కారును గాని ఆవిరి కాదు. కారిన చెమట చల్లబరుపదు. కావున వానకాలపు ఉక్కలో కూడ జాగ్రత్త అవసరము. ఎండకు శరీరము అలవడుటకు పది, పదునాలుగు దినములు పట్టును.

పరుగెత్తువాడు తడబడుచు పొంతనలేని మాటలాడినచో వడదెబ్బయని గ్రహింపవలెను. వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండ చల్లని నీళ్ళు పోయుచు, విసరుచు 108కు ఫోను చేయవలెను. స్పృహ సరిగా లేనివానికి నోట నీరు పోయరాదు. నీరు త్రాగుటలో అతి కూడ హానియే. 2002 బోస్టను మారథానులో 488 మంది రక్తమును పరీక్షింపగా నూటికి 13 మందిలో సోడియము తగ్గియుండెను. పోయిన చెమటకంటె ఎక్కువ నీరు త్రాగుటయే ముఖ్యకారణము. దప్పిక మేరకు త్రాగుట మంచిది.

తరగతిలో చేయదగిన పరీక్ష

విద్యార్థులు కూర్చుండి ఐదు నిముషములు విశ్రమించిన పిదప మణికట్టు నాడిని 30 సెకండ్లు లెక్కించి రెండింతలు చేసి వ్రాసికొనవలెను. తరువాత మాటలాడుచు పరుగెత్తగల వేగముతో 5 నిముషములు పరుగెత్తి, ఆగిన వెంటనే ఒకసారి, ఒక నిముషము గడచిన పిమ్మట మరియొకసారి, 15 సెకండ్లు లెక్కించి నాలుగింతలు చేయవలెను. ఈ రెండు అంకెల తేడా గుండె ఎంత త్వరగా కోలుకొనుచున్నదో తెలుపును. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు వైద్యుని అడిగియే ఇందులో చేరవలెను. వారమునకు మూడుసార్ల చొప్పున ఎనిమిది వారములు సాధన చేసి, అదే స్థలములో, అదే వేళ మరల కొలిచి రెండు పట్టికలను పోల్చవలెను.

పట్టికలో మరి రెండు గళ్ళు చేర్చుట మంచిది. ఒకటి గడచిన రాత్రి నిద్రించిన గంటలు. రెండవది ఆ దినము చేసిన ఇంటిపని, పొలము పని నిముషములు. ఎనిమిది వారముల అంకెలు చేతికి వచ్చిన తరువాత, ఎవరి నాడి ఏల ఎక్కువ నెమ్మదించినదో, ఎవరిది ఏల నెమ్మదింపలేదో విద్యార్థులే చెప్పగలరు. నెమ్మదింపనివారి గళ్ళను ఉపాధ్యాయుడు శ్రద్ధగా చదివి, ఆ యింటివారితో ఒకమారు మాటలాడుట కూడ ఈ పరీక్షలో భాగమే.